పాత స్నోబ్లోయర్ బేరం: ఇంజను కంటే ముందు ఆగర్ చూడాలి

ఏప్రిల్ మొదటి వారం, మినియాపొలిస్ (అమెరికా)

మంచు కరిగి గడ్డి బయటపడింది. ఇక్కడ పాత స్నోబ్లోయర్, అంటే పేరుకున్న మంచును దూరంగా విసిరే యంత్రం, కొనడానికి ఇదే అదను. నవంబరులో తొలి మంచు కురిసిన రోజు ఇదే యంత్రం ధర ఆకాశాన్నంటుతుంది. ఇప్పుడైతే గ్యారేజీలో గడ్డి కోసే యంత్రానికి చోటు కావాలని అమ్మేవాళ్లే ఎక్కువ. చిన్న ఇంజన్లు విప్పి బాగుచేయడం నాకు ప్రాణం. అందుకే ఈసారి రెండు దశల యంత్రం ఒకటి తీసుకుని, చలికాలం వచ్చేలోగా తీరిగ్గా సిద్ధం చేసుకోవాలని ఉంది.

ఒక దశ యంత్రంలో రబ్బరు రెక్కలే మంచును గీకుతాయి, అవే విసురుతాయి. నాలుగైదు అంగుళాల మెత్తని మంచుకు అది చాలు. మా ఇబ్బంది అది కాదు. వీధిలో మంచు తోసే ట్రక్కు వెళ్లిపోయాక డ్రైవ్‌వే మొదట్లో గట్టులా పేరుకుని రాయిలా బిగుసుకుపోయే మంచు అసలు సమస్య. దానికి రెండు దశల యంత్రమే కావాలి: ముందు తిరిగే ఇనుప మెలికల మర, అంటే ఆగర్, దాన్ని పిండి చేసి లోపలికి లాగాలి, వెనకనున్న రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, దూరంగా చిమ్మాలి. మంచు ఆగిన 24 గంటల్లో ఇంటి ముందు కాలిబాట శుభ్రం చేయాలన్న నిబంధన ఈ నగరంలో ఉంది. 1991లో హాలోవీన్ (అక్టోబరు 31) నాడు మొదలైన మంచు తుపానులో ఇక్కడ 28.4 అంగుళాల మంచు పడిందంటే, పారతో ఎంత దూరం నెట్టుకురాగలమో ఊహించుకోవచ్చు.

ఏప్రిల్ మూడో వారం

చూడటానికి వెళ్లే ముందు అమ్మేవారికి ఫోను చేసి ఒక్క మాట చెబుతాను: నేను వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో తెలిసే అవకాశం పోయినట్టే. స్పానర్లు, టార్చిలైటు, కరెంటు ఎక్స్‌టెన్షన్ తీగ వెంట ఉండాలి. చాలా యంత్రాల్లో ఎలక్ట్రిక్ స్టార్టర్‌కు బ్యాటరీ ఉండదు, ఇంటి కరెంటుతోనే తిరుగుతుంది.

మొదట చూసిన యంత్రానికి కొత్తగా రంగు వేశారు. తాడు ఒక్కసారి లాగగానే ఇంజను అందుకుంది. నాతో వచ్చిన నెల్లూరు అన్నయ్య, తనకూ ఒకటి కావాలని చూస్తున్నారు, వెంటనే సంబరపడ్డారు. "ఇంజను ఇంత చక్కగా మోగుతోంది కదా తమ్ముడూ, ఇంకేముంది చూడటానికి?"

"ఇంజను సంగతి తర్వాత అన్నయ్యా, ముందు దీన్ని చూడండి" అని ఇంజను ఆపించి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, టార్చి వేసి ఆగర్ మీది బోల్టులు చూపించాను. అక్కడ ఉండాల్సినవి షియర్ పిన్నులు. రాయో, గడ్డకట్టిన దినపత్రికో ఇరుక్కుంటే అవి విరిగిపోయి గేర్‌బాక్స్‌ను కాపాడాలి. అందుకే వాటిని కావాలనే మెత్తని లోహంతో చేస్తారు. ఈ బోల్టుల తలల మీద ఆరేసి గీతలున్నాయి. ఆరు గీతలంటే గ్రేడ్ 8, అంటే బాగా గట్టి ఉక్కు. ఇవి విరగవు. వీటి బదులు లోపలున్న కంచు గేరు పళ్లు ఊడతాయి.

యజమాని అనుమతితో ఒక బోల్టు తీశాను. పిన్ను తీస్తే ఆ వైపు ఆగర్ షాఫ్టు మీద చేత్తో తిప్పినా తేలిగ్గా తిరగాలి. ఇది కదలలేదు. రెండు చేతులతో బలంగా పట్టి తిప్పితే షాఫ్టుతో పాటే తిరిగింది. లోపల తుప్పు పట్టి ఒకటైపోయాయి. ఇక సరైన పిన్ను పెట్టినా అది విరిగి ఉపయోగం లేదు, దెబ్బ నేరుగా గేర్‌బాక్స్‌కే తగులుతుంది. బోల్టు తిరిగి బిగించి, ఆయనకు విషయం చెప్పి వచ్చేశాం. తిరుగుదారిలో అన్నయ్యకు నా లెక్క చెప్పాను: కార్బురేటర్ పాడైతే ఒక సాయంత్రం పని, కొత్తది కొన్నా పెద్ద ఖర్చు కాదు. అదే తుప్పుతో అతుక్కుపోయిన ఆగర్ ఊడదీయాలంటే మంట పెట్టాలి, తుప్పు వదిలే నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి, సుత్తి దెబ్బలు పడాలి. అప్పటికీ అది వంకర పోకుండా వస్తుందన్న హామీ లేదు.

మే మొదట్లో

ఇవాళ చూసినదానికి టెకమ్సే ఇంజను ఉంది. ఆ సంస్థ 2008 చివరలో ఇంజన్ల తయారీ ఆపేసింది కాబట్టి యంత్రం వయసు ఇట్టే తెలిసిపోతుంది. విడిభాగాలు ఇంకా సులభంగానే దొరుకుతున్నాయి, భయం లేదు.

ఇంజను చల్లగానే ఉంది. మూడోసారి లాగితే అందుకుంది గానీ, చోక్ తీయగానే శబ్దం ఉయ్యాల ఊగినట్టు పైకీ కిందికీ పోతోంది. చోక్ సగం వేస్తే కుదుటపడుతోంది. పాత పెట్రోలు నిలవుండి కార్బురేటర్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం) పూడుకుపోయిందన్నమాట. నీలం పొగ మాత్రం లేదు. అది ఉంటే ఇంజను ఆయిల్ తాగుతున్నట్టు, నేను వెనక్కి వచ్చేసేవాడిని.

పిన్నులు తీసి చూస్తే రెండు వైపులా ఆగర్ హాయిగా తిరిగింది. షాఫ్టు అంచున పాత గ్రీజు కనిపించింది. ఎవరో శ్రద్ధగా చూసుకున్నారు! ఇంపెల్లర్ రెక్క పట్టుకుని పైకీ కిందికీ కదిపాను, బేరింగులో వదులు లేదు. గేర్‌బాక్స్ పైనున్న ప్లగ్ విప్పి సన్నని తీగ ముంచితే నల్లటి నూనె వచ్చింది. అది పాలలా తెల్లబారి ఉంటే నీళ్లు చేరాయని అర్థం.

తర్వాత ట్యాంకు మూత కింద ప్లాస్టిక్ ముక్క పెట్టి బిగించి, పెట్రోలు కవాటం మూసి, యంత్రాన్ని ముందుకు వంచి, ఆగర్ ఉండే తొట్టి (బకెట్) మీద నిలబెట్టాం. కింది రేకు విప్పితే చక్రాలను నడిపే ఫ్రిక్షన్ డిస్క్ కనిపిస్తుంది. దాని అంచు రబ్బరులో పగుళ్లున్నా, ఒకచోట చదునుగా అరిగినా మార్చాల్సిందే. ఇక్కడ సగం అరిగింది, ఇంకో చలికాలానికి సరిపోతుంది. మళ్లీ దించి, అన్ని గేర్లలో ముందుకూ వెనక్కూ నడిపించాను. గోడకు ఆనించి ముందుకు నడిపితే ఆగిపోకుండా చక్రాలు నేల మీద జారుతూ తిరిగాయి. అంటే డిస్క్‌కు పట్టు ఉంది. చివరగా ఆగర్ లీవరు వదిలాను, వెంటనే ఆగింది. ఆగకపోతే ఎంత చవకైనా కొనకూడదు. ఇంజను ఆపేశాక కూడా బెల్టు బిగువుతో ఇంపెల్లర్ ఒక్క ఉదుటున తిరగవచ్చు. అందుకే షూట్‌లో (మంచు బయటికి చిమ్మే గొట్టంలో) ఇరుక్కున్న మంచును కర్రతోనే తీయాలి, చెయ్యి పెట్టనే కూడదు. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా నాకు తృప్తి ఉండదు.

350 డాలర్లు అడిగారు. చోక్ సంగతి, బకెట్ కింది అంచున నేలను గీకే స్క్రేపర్ పట్టీ అరిగిన సంగతి చూపించాను. 275కు ఒప్పుకున్నారు.

మే చివర

కార్బురేటర్ విప్పాను. ఈ ఇంజన్లలో గిన్నెను కింద బిగించే బోల్టులోనే పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలుంటాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒకటి పూర్తిగా మూసుకుపోయి ఉంది, చుట్టూ పచ్చని పొర. క్లీనరు చల్లి, తీగలోంచి లాగిన ఒకే ఒక్క రాగి పోగుతో పొడిస్తే అవతలి వెలుగు చుక్కలా కనిపించింది. కొత్త గాస్కెట్, కొత్త ప్లగ్, 5డబ్ల్యు-30 ఆయిల్ వేశాక చోక్ పూర్తిగా తీసినా ఒకే శ్రుతిలో మోగుతోంది.

ఆగర్ బెల్టు నున్నగా మెరుస్తోంది, జారుతుంది కాబట్టి మార్చాలి. స్క్రేపర్ పట్టీ బకెట్ అంచు దాకా అరగకముందే కొత్తది వేయాలి. బకెట్ పక్కల నేల మీద జారే స్కిడ్ షూలు తిప్పి బిగిస్తే సరిపోతుంది. సరైన షియర్ పిన్నులు అరడజను తెప్పించి, హ్యాండిల్ దగ్గరే డబ్బాలో ఉంచుతాను. అన్నయ్య కోసం శనివారం పక్క ఊరు సెయింట్ పాల్‌లో ఇంకో యంత్రం చూడాలి. స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి ఇప్పటికే చెప్పాను.