నాన్నా, నువ్వూ వాళ్ళలో ఒకడివా?

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రజనీష్ పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి రెస్టారెంట్లలో ఎవరికి వాళ్ళు వడ్డించుకునే సలాడ్ బార్లే. 1984లో ది డాల్స్ అనే ఊళ్ళో పది రెస్టారెంట్ల సలాడ్ బార్లలో ఆయన శిష్యులు కొందరు సాల్మొనెల్లా అనే, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. వాస్కో కౌంటీ ఎన్నికల రోజు ఊరివాళ్ళు మంచం దిగకుండా చేస్తే తమవాళ్ళు గెలుస్తారని ఆ పన్నాగం. మా పిల్లలు పెరిగింది అక్కడికి గంటన్నర దూరంలో, పోర్ట్‌లాండ్ పక్కన. సెలవులకి హైదరాబాద్ వెళ్తే అదే గడ్డం ఓషో పేరుతో తెలుగు పుస్తకాల షాపుల్లో కనిపిస్తుంది. మా అక్కయ్య హాల్లో అయితే ఫ్రేము కట్టించి ఉంది.

2018లో, ఒరెగాన్‌లో ఆయన శిష్యులు కట్టుకున్న కమ్యూన్ మీద డాక్యుమెంటరీ సిరీస్ వచ్చినప్పుడు మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. ఫ్రెండ్స్ ఇంట్లో చూసొచ్చి పాత ఆల్బమ్ తీసింది. అందులో నేను కాషాయం లాల్చీలో, మెడలో 108 పూసల మాల, లాకెట్‌లో ఆయన. అన్నాళ్ళూ అది అయ్యప్ప దీక్ష లాంటిదనుకుందట.

అవునన్నాను. 1980లో, పందొమ్మిదేళ్ళప్పుడు, పుణె ఆశ్రమంలో సన్యాసం తీసుకున్నాను.

"మరి మేమెలా పుట్టాం?" అన్నాడు మావాడు. ఆ సన్యాసానికి పెళ్ళీ పెటాకులూ అడ్డం కాదని చెప్పడానికే అరగంట పట్టింది.

"బ్రెయిన్‌వాష్ చేశారా?" అంది మా అమ్మాయి. లేదన్నాను. గట్టిగా నవ్వితే వీపు విమానం మోగే హాస్టల్లో ఇంటర్ చదివినవాణ్ణి నేను. ఆశ్రమంలో పొద్దున్నే డైనమిక్ మెడిటేషన్: పది నిమిషాలు రొప్పుతూ ఊపిరి తియ్యాలి, పది నిమిషాలు అరవాలి, ఏడవాలి, ఇంకో పది నిమిషాలు చేతులెత్తి 'హూ హూ' అంటూ మడమలు అదిరేలా గెంతాలి. 'స్టాప్' అనగానే ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడాలి. నన్ను అరవమన్నవాళ్ళని అంతకుముందు చూళ్ళేదు. దానికే పడిపోయాను. ఈ జవాబు మా అమ్మాయికి నచ్చలేదు. నాన్న బాధితుడైనా కావాలి, దోషైనా కావాలి. అటు మా అక్కయ్య ఫోన్లో "ఆయన దేవుడు, అంతా ఆ షీలా చేసింది" అంటుంది. షీలా అంటే ఆయన సెక్రటరీ, కమ్యూన్ నడిపించినావిడ.

1981లో ఆయన అమెరికా వెళ్ళిపోయారు. నేను చదువు కోసం ఇండియాలోనే ఉండిపోయాను. 1985 సెప్టెంబరులో షీలా దేశం విడిచి వెళ్ళాక ఆయనే ప్రెస్‌మీట్ పెట్టి, విషప్రయోగాలూ ఫోన్ల ట్యాపింగూ అన్నీ ఆమె ముఠా పనేనని, తనకేం తెలియదని చెప్పారు. మర్నాటి నుంచి చాలామంది మిత్రులు ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం అక్కడే చెడింది. మనసులో మాట పసిగడతాడనే కదా ఆయన ఫొటో మెళ్ళో వేసుకుంది. పక్క గదిలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఆ చూపు దేనికి? తెలిసి ఊరుకుంటే అది ఇంకా ఘోరం. షీలా తర్వాత కోర్టులో నేరం ఒప్పుకుంది. ఆయన మీద నడిచింది ఇమ్మిగ్రేషన్ కేసు.

అంతా విని మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అందుకా, గుడిలో సండే క్లాసుకి మమ్మల్ని దింపేసి వెళ్ళకుండా వెనక వరసలో కూర్చునేవాడివి?" అంది.

అందుకే. పిల్లలు ప్రశ్న వేస్తే ఎవరైనా నోరు మూయిస్తారేమోనని చూసేవాణ్ణి. వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: "ఆ శ్లోకాలు చెప్పే అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. మీ నాన్న సీఐడీలా కూర్చుంటే టెన్షన్‌తో పాపం సగం మరిచిపోయేది."