సీతమ్మ గారు వెనుదిరిగిన దారిలో అంతర్వేదికి

డొక్కా సీతమ్మ గారి గురించి కోనసీమలో చెప్పుకునే కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆమె అంతర్వేది యాత్ర. వచ్చేపోయేవాళ్లకు వండి పెట్టడంతో ఇల్లు కదలని ఆవిడ, నరసింహస్వామి దర్శనం కోసం ఒకసారి పల్లకీలో బయల్దేరారట. దారిలో బోయీలు అలసట తీర్చుకోవడానికి పల్లకీ దించారు. అటుగా ఓ పెళ్లి గుంపు వస్తోంది. ఆకలని పిల్లలు ఏడుస్తున్నారు. లంకల గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుందని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆ మాట పల్లకీలో ఉన్న ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకీ వెనక్కి తిప్పించి, ఇంటికి చేరి, వాళ్లకు వండి పెట్టారు.

మా నాయనమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో. పోయినేడు ఆమె కాలం చేశాక, ఈ మాఘమాసంలో అత్తయ్య ఫోన్ చేసింది. "అంతర్వేది వెళ్దామా అమ్మా? కల్యాణానికి కాదులే, ఆ జనంలో నేను నిలబడలేను. నాలుగు రోజులు పోయాక గన్నవరంలో ఆగి నిదానంగా వెళ్దాం" అంది.

రాజమండ్రి నుంచి కారు మాట్లాడుకుని తెల్లారకుండానే బయల్దేరాం. రావులపాలెం, కొత్తపేట దాటాక అంబాజీపేటలో టిఫినుకి ఆగాం. అక్కడ పొట్టిక్కలు తినకుండా కదలకూడదు. పనసాకుల బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు కాబట్టి ఆకు వాసన ఇడ్లీకి పడుతుంది. అత్తయ్య రెండు పొట్లాలు ఎక్కువ కట్టించింది. ఎవరికని అడిగితే, "దారిలో ఎవరో ఒకరు ఉంటారు" అంది. గన్నవరంలో ఆటో కోసం నిలబడ్డ ఒక తల్లీ కూతుళ్లకు ఆ పొట్లాలు ఇచ్చేదాకా ఆమె మనసు కుదుటపడలేదు.

గన్నవరం దగ్గర వసిష్ఠ గోదావరి నుంచి వైనతేయ పాయ చీలుతుంది. ఆ పాయ మీదుగా కాలువ నీళ్లను అవతలి పొలాలకు దాటించే పాత అక్విడక్టును కాటన్ దొర కాలంలో, 1852 నాటికి, 49 ఆర్చీలతో కట్టారు. తర్వాత కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమె పేరుకు ఇంతకంటే తగిన చోటు లేదనిపించింది. రోడ్లు, బస్సులు లేని రోజుల్లో ఈ లంకల్లో ప్రయాణమంటే నడక, పడవ, రేవులో ఎదురుచూపు. ఏ వేళకు ఎక్కడికి చేరతామో తెలియదు. పూటకూళ్ల ఇల్లు దొరుకుతుందనే నమ్మకమూ లేదు. అలాంటి దారిలో ఒక ఇంటి తలుపు ఏ వేళలోనైనా తెరుచుకుంటుందంటే, మనుషులు దాని మీద భరోసా పెట్టుకుని ప్రయాణం కట్టారు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు కూడా ఊరందరికీ అన్నం పెట్టినాయనే. అందుకే ఆయన్ని బువ్వన్న అనేవారు. తల్లి చిన్నతనంలోనే పోతే ఇంటి బాధ్యత ఈ పిల్ల మీద పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులు గారు ఒకసారి ఆ ఇంటికి అతిథిగా వచ్చి, ఆదరణ చూసి, ఆమెను పెళ్లాడారని చెప్తారు. ఆ విధంగా పుట్టింటి అలవాటు అత్తింటికి వచ్చింది. కులం అడగలేదు, వేళ చూడలేదు. 1909లో కన్నుమూసేదాకా ఆ పొయ్యి ఆరలేదు.

ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకలకు పిలుపు వస్తే ఆమె వెళ్లలేదని, ఫోటో తీయించి అక్కడ కుర్చీలో పెట్టి గౌరవించారని ఇంకో కథ ఉంది. ఆమె పేరెత్తగానే అందరూ ముందు ఇదే చెప్తారు. నాకైతే రాజు గౌరవించాడన్న దానికంటే, ఎవరో తెలియని పిల్లలు ఏడుస్తున్నారని దేవుడి దర్శనం ఆపుకున్నారన్నదే పెద్ద విషయం.

వందల మందికి వండిన చేతుల గురించి మనం తక్కువ మాట్లాడతాం. అర్ధరాత్రి పదిమంది దిగితే బియ్యం దంపుకుని ఉండాలి, నీళ్లు తోడి ఉండాలి, కట్టెలు ఎండి ఉండాలి. విస్తళ్లు ఎత్తాలి, గుండిగలు తోమాలి. పుణ్యమని ఒక్క మాట అనేస్తే ఈ చాకిరీ అంతా కనబడకుండా పోతుంది.

నాకిది నాయనమ్మను చూస్తే అర్థమైంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను ఊడ్చేసింది. కొబ్బరితోటలు నేలకొరిగాయి. మా పెంకుటింటికీ సగం కప్పు పోయింది. తెల్లారగానే నాయనమ్మ పెరట్లో గాడిపొయ్యి తవ్వించింది. గాదెలో తడవకుండా మిగిలిన బియ్యం తీయించి, రాలిన కొబ్బరికాయలు కోరించి పచ్చడి చేయించింది. పేటలోని ఆడవాళ్లు వచ్చి చేయి కలిపారు. "రేపు మనకేం మిగులుతుందమ్మా?" అని నాన్న అడిగితే, "రేపటికి రేపు చూద్దాంరా, ఇప్పుడు ఎసట్లో బియ్యం పొయ్యి" అంది. పదిమందికి పెట్టి తను ఆఖర్న కూర్చునేది. ఇంట్లో అందరికీ ఆమె మాటంటే చెల్లుబాటు ఉండడానికి కారణం వయసు కాదు, ఇదే.

తాటిపాక, రాజోలు, మల్కిపురం, సఖినేటిపల్లి దాటి అంతర్వేది చేరాం. కల్యాణం అయిపోయి జనం పలచబడ్డారు. ఈ గుడి పడమర ముఖంగా ఉంటుంది. ఇప్పుడున్న ఆలయాన్ని కొపనాతి కృష్ణమ్మ గారు కట్టించారు, 1823లో పూర్తయింది. దర్శనం ప్రశాంతంగా అయింది. అర్చకులు గోత్రనామాలు అడిగితే అత్తయ్య నాయనమ్మ పేరు కూడా చెప్పింది. తర్వాత వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లాం. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, రెండు రంగులు కలుస్తూ కనిపించాయి. అత్తయ్య నీళ్లు చల్లుకుని చాలాసేపు నిలబడింది.

తిరుగు దారిలో ఆమె మాట్లాడింది మాత్రం పిల్లల గురించి. మా ఊరి బడిలో పెట్టే మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరే. 2024లో పెట్టారు. "పేరు పెట్టారు సరే, పప్పు నీళ్లలా ఉంటే ఆవిడకి చెడ్డపేరు. సోమవారం వెళ్లి చూసొస్తాను" అంది. బడి తర్వాత భీష్మ ఏకాదశి సంగతి ఎత్తింది. వచ్చే ఏడు ఆ రోజున జరిగే అంతర్వేది రథానికి నడిచొచ్చేవాళ్ల కోసం సఖినేటిపల్లి రోడ్డు మీద మజ్జిగ పందిరి వేయాలట. పెరుగు మల్కిపురంలో ఎవరిస్తారు, కుండలు ఎక్కడ తేవాలి, నిమ్మకాయలు ఎవరి తోటవి, రాత్రి కాపలా ఎవరు అంటూ రాజోలు చేరేలోపే మా అన్నయ్యలిద్దరికీ, పక్కింటి వదినకీ ఫోన్లు చేసేసింది. ప్లాస్టిక్ గ్లాసులు వద్దని నేనంటే, "అయితే స్టీలువి తెచ్చి కడిగే పని నీది" అని నా పేరు రాసేసుకుంది.