ఎం.ఏ. చదివిన రిక్షావాలా

హిందీ సినిమా నటుడు బల్‌రాజ్ సాహ్నీ అనగానే చాలామందికి 1965 నాటి ‘వక్త్’లో నిండు సభలో భార్యను చూసి మురిసిపోతూ పాట పాడే నడివయసు భర్త గుర్తుకు వస్తాడు. నాకు మాత్రం ముందుగా కనిపించేవి ‘దో బీఘా జమీన్’లో కలకత్తా వీధుల వెంట రిక్షా లాగే శంభు మహతో కాళ్లే.

ఆ కాళ్లకు నిజానికి ఆ పని అలవాటు లేదు. 1913లో రావల్పిండిలో కలిగినవారింట పుట్టి, లాహోర్‌లో ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చేసి, శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పి, సేవాగ్రామ్‌లో గాంధీజీ దగ్గర కొంతకాలం గడిపి, ఆపైన లండన్‌లో బీబీసీ హిందుస్తానీ ప్రసారాలలో పనిచేసి వచ్చిన మనిషి ఆయన. అందుకే 1953లో విడుదలైన ఆ చిత్రానికి దర్శకుడు బిమల్ రాయ్ ఆయనను ఎంచుకున్నప్పుడు, ఇంత దొరబాబు పేదరైతు ఎలా అవుతాడని సందేహించినవారు ఉన్నారు. సాహ్నీ రిక్షా లాగడం నేర్చుకున్నారు. కలకత్తాలో ఒక ముసలి రిక్షావాలా, తాకట్టులో ఉన్న తన రెండు బీఘాల భూమి గురించి చెప్పుకున్న కథ విన్నాక, నటన సిద్ధాంతాలన్నీ పక్కన పెట్టి ఆ ముసలివాడినే మనసులో నిలుపుకున్నానని తరువాత ఆయనే రాసుకున్నారు. ఎక్కువ డబ్బిస్తానని ఆశపెట్టి, ముందు పోతున్న రిక్షాను అందుకొమ్మని ఒక బేరగాడు అదిలిస్తుంటే శంభు పరుగెత్తే సన్నివేశం చూడండి. చక్రం ఊడి పడిపోయేదాకా ఆ ముఖంలో నటుడి జాడ ఎక్కడా దొరకదు.

ఇప్టా (ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్) అనే నాటక సంఘం ప్రదర్శనలు, వామపక్ష రాజకీయాలు ఆయనను జైలుకు కూడా పంపాయి. ‘హల్‌చల్’ చిత్రీకరణకు ఖైదీగానే జైలు నుంచి వచ్చి వెళ్లేవారు. పొట్టకూటికి చేసిన మామూలు పాత్రలూ చాలానే ఉన్నాయి, వాటి ఊసు ఇక్కడ అనవసరం.

ఎం.ఎస్. సత్యూ తీసిన ‘గర్మ్ హవా’లో ఆయన సలీం మీర్జా, దేశ విభజన తరువాత ఆగ్రాలోనే ఉండిపోయిన చెప్పుల వ్యాపారి. కూతురి శవాన్ని చూసిన క్షణంలో సలీం మీర్జా ఏడవడు, కేకవేయడు, ఊరికే చూస్తాడు. అంతకు కొద్దికాలం ముందే, 1972లో, సాహ్నీ సొంత కూతురు షబ్నం చనిపోయింది. డబ్బింగ్ ముగించిన మర్నాడు, 1973 ఏప్రిల్ 13న, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. సినిమా విడుదలయ్యేసరికి 1974 వచ్చింది.