సికింద్రాబాద్ వెళ్లే మన బరంపురం పిల్లలకి

కోణార్క్ రైలు ఎక్కేవాళ్లు ఇంకా బియ్యం మూటలు మోస్తున్నారేంటర్రా! ఒడిశా రేషన్ కార్డు అక్కడా చెల్లుతుంది. కార్డు నంబరు, ఆధార్ పట్టుకెళ్లి దగ్గర్లోని రేషన్ షాపులో వేలిముద్ర వేస్తే మనిషికి నెలకి 5 కిలోలు, ఉచితంగానే. (మరీ పేద కుటుంబాలకిచ్చే అంత్యోదయ కార్డు లెక్క వేరు.)

తేడా కొట్టేది ఎక్కడంటే, ఇంటి దగ్గర అమ్మ అందరి వాటా ముందే తెచ్చేసుకుంటే మీకక్కడ ఏమీ మిగలదు. మీ 5 కిలోలు వదిలి మిగతాదే తీసుకోమనండి. కార్డులో ఆధార్ ఎక్కని పేరుకీ బియ్యం రావు, బయల్దేరకముందే ఇక్కడి డీలర్ దగ్గర చూసుకోండి. సిమెంటు పనితో వేళ్లు అరిగితే ముద్ర పడదు. చేతులు కడిగి, తుడిచి, వేరే వేలు పెట్టి చూడండి.

గదిలో దిగిన రోజే కరెంటు సబ్‌మీటరు రీడింగ్ ఫోటో తీయండి. లేకపోతే పాత బాకీ మీ నెత్తిన పడొచ్చు. చాలా బస్తీల్లో నల్లా రోజు విడిచి రోజు, మూతున్న డ్రమ్ము కొనండి.