దారి దొరకని జవాబు

పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలు ఏటా నాతో అనే మాట ఒకటే. "అంతా చదివాను మేడమ్, పేపర్ చూడగానే ఒక్క ముక్క గుర్తు రాలేదు." పక్కనున్న స్నేహితురాలు ఏదో ఒక్క మాట అందిస్తుంది. అంతే, "అయ్యో, ఇది నాకొచ్చు!" అంటూ జవాబంతా గడగడా అప్పజెప్పేస్తారు. జీవశాస్త్రం చెప్పే టీచర్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, ఆ పిల్లలు అబద్ధం ఆడటం లేదు. జవాబు తలలోనే ఉంది. పరీక్ష హాల్లో కూర్చున్నంతసేపూ దాని దగ్గరికి వెళ్లే దారే దొరకలేదు. నీకు జ్ఞాపకశక్తి లేదని ఒక పిల్లని అనేముందు పెద్దవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలని నాకు చాలా ఉంటుంది.

1966లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎండెల్ టుల్వింగ్, జీనా పెర్ల్‌స్టోన్ సరిగ్గా ఈ తేడానే పట్టి చూపించారు. కొన్ని పదాలను వర్గాలుగా చేసి, ఏ వర్గమో దాని పేరుతో సహా వినిపించారు. తర్వాత కొందరిని ఊరికే గుర్తున్నవి రాయమన్నారు. మరికొందరికి వర్గాల పేర్లు ఇచ్చి రాయమన్నారు. పేర్లు అందినవాళ్లు ఎక్కువ రాశారు. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఊరికే రాసినవాళ్లకి కూడా రెండోసారి ఆ పేర్లు చూపిస్తే, అంతకుముందు ఎంత ఆలోచించినా రాని పదాలు బయటికొచ్చాయి. అంటే అవి పోలేదు. అడగాల్సిన తీరులో అడిగేవాళ్లు లేక ఊరుకున్నాయి.

నేర్చుకున్న చోటు కూడా ఇలాగే దారి చూపిస్తుందంటారు. నీటి అడుగున నేర్చుకున్న పదాలు నీటి అడుగునే బాగా గుర్తొస్తాయని 1975లో డైవర్ల మీద చేసిన ప్రయోగం ఒకటి చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. 2021లో దాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అందుకే ఎంత ఆకర్షణగా ఉన్నా దాన్ని నేను క్లాసులో చెప్పను. ఏ గదిలో చదివితే ఆ గదిలోనే గుర్తొస్తుందన్న భయం పిల్లలకి పెట్టడం నాకిష్టం లేదు.

మరపు గురించి మాట్లాడితే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ దగ్గరికి వెళ్లక తప్పదు. 1885లో అచ్చయిన ఆయన పుస్తకంలో ప్రయోగం చేసిందీ ఆయనే, చేయించుకున్నదీ ఆయనే. అర్థం లేని అక్షరాల గుంపులను వరుసగా పేర్చుకుని, తప్పులేకుండా అప్పజెప్పగలిగేదాకా బట్టీ పట్టేవాడు. కొంతకాలం ఆగి మళ్లీ అదే వరుస నేర్చుకునేవాడు. రెండోసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టేవాడు. గంట తర్వాత ఆ ఆదా సగానికన్నా తక్కువకి పడిపోయింది. ఒక రోజుకి దాదాపు మూడో వంతయింది. ఈ పడిపోవడాన్నే అందరూ గీత గీసి చూపిస్తారు. నాకు మాత్రం ఆ గీత చివర ముఖ్యం. నెల గడిచాక కూడా అయిదో వంతు ఆదా మిగిలే ఉంది. అప్పజెప్పమంటే ఏమీ రాని స్థితిలో కూడా, మళ్లీ మొదలుపెడితే పని త్వరగా అవుతోంది. పోయిందనుకున్నది ఎక్కడో కొంత నిలిచి ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? పాత పాఠం తిరగేసేటప్పుడు "మళ్లీ మొదటికొచ్చాను" అని కుంగిపోయే పిల్లలకి నేను ముందుగా చెప్పేది ఇదే.

"మరి ఆ నిలిచింది ఎక్కడ నిలుస్తుంది మేడమ్?" అని ఒక అబ్బాయి అడిగాడు. అలాంటి ప్రశ్న వచ్చిన రోజు నాకు పండగే. మెదడులో ఒక్కో జ్ఞాపకానికి ఒక్కో గది లేదు. చూసింది చూపుకి సంబంధించిన భాగాల్లో, విన్నది వినికిడికి సంబంధించిన భాగాల్లో జాడ వదులుతుంది. ఒకే అనుభవానికి చెందిన ఈ ముక్కలను కలిపి ఉంచడంలో మెదడు లోపలి చిన్న భాగమైన హిప్పోకాంపస్‌ది పెద్ద పాత్ర. ఇది మనకి తెలిసింది ఎక్కువగా హెన్రీ మొలైసన్ అనే మనిషి వల్ల. మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆయన మెదడుకి రెండు వైపులా ఆ భాగంలో పెద్ద ముక్కనే తీసేశారు. అప్పుడాయన వయసు 27. చిన్ననాటి సంగతులు గుర్తున్నాయి, మాట తీరు చెడలేదు, కానీ కొత్తగా జరిగింది నిలవడం మానేసింది. మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఆయనకి అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం నేర్పింది. రోజురోజుకీ చెయ్యి కుదురుకుంది. ఆ పని ఇంతకుముందు చేసినట్టే ఆయనకి గుర్తులేదు! చేతికి తెలిసినది మనసుకి తెలియలేదు. 2008లో చనిపోయేదాకా ఆయన లోకానికి హెచ్.ఎమ్. అనే రెండక్షరాలే. పాఠంలో ఆయన పేరు పూర్తిగా రాయించడం నాకు అలవాటు. మనకి ఇంత నేర్పిన మనిషి పేరుతో గుర్తుండాలి.

ఇంకా లోపలికి వెళితే న్యూరాన్లు, అంటే నాడీ కణాలు. వాటి మధ్య సినాప్సులు, అంటే ఒక కణం నుంచి ఇంకో కణానికి సంకేతం అందే చోట్లు. శాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ సముద్రపు నత్త మీద ఏళ్ల తరబడి పనిచేసి చూపించిన సంగతి నాకెప్పుడూ అద్భుతంగా తోస్తుంది. కాసేపే నిలిచే జ్ఞాపకానికి ఉన్న సినాప్సుల బలం మారితే చాలు. ఎక్కువకాలం నిలవాలంటే కొత్త ప్రొటీన్లు తయారవ్వాలి, కొత్త సినాప్సులు పుట్టాలి. అంటే ఒక పాఠం నిజంగా నేర్చుకున్న పిల్ల మెదడు, నేర్చుకోకముందు ఉన్న మెదడు కాదు. ఈ పనికి ఆయన 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

దాచుకోవడం సంగతి ఇంత. గుర్తు తెచ్చుకోవడం ఇంతకన్నా చిత్రం.

చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడి మోచెయ్యి చీరుకుపోయింది నాకేనని నా నమ్మకం. తనకేనని అక్క నమ్మకం. పడ్డచోట కంకర, చొక్కా మీద రక్తం, ఎవరో ఎత్తుకుని పరుగెత్తడం అన్నీ ఇద్దరికీ కళ్ల ముందున్నాయి. మచ్చ ఇద్దరికీ లేదు. ఇది మా ఇద్దరి వింత కాదు. కవలల మీద చేసిన ఒక పరిశోధన 2001లో వచ్చింది. ఒకే సంఘటన తమకే జరిగిందని ఇద్దరూ గట్టిగా నమ్మడం అందులో కనిపించింది. విన్నదాన్ని చూసినట్టు, చూసినదాన్ని పడినట్టు మనసు కలిపి కుట్టేస్తుంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో కార్లు గుద్దుకునే దృశ్యం చూపించి, ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు "ఢీకొట్టుకుని నుజ్జయినప్పుడు" అన్నారు, కొందరితో "తగిలినప్పుడు" అన్నారు. వారం తర్వాత పగిలిన గాజు చూశారా అంటే, మొదటి గుంపు 50 మందిలో 16 మంది చూశామన్నారు, రెండో గుంపు 50 మందిలో ఏడుగురు. ఆ దృశ్యంలో గాజు పగల్లేదు. గుర్తు తెచ్చుకోవడమంటే ఉన్నది ఉన్నట్టు బయటికి తీయడం కాదు. దొరికిన ముక్కలతో, అడిగిన మాటతో అప్పటికప్పుడు అల్లడం. 2000లో శాస్త్రవేత్త కరీమ్ నాదర్ బృందం ఎలుకల్లో మరో సంగతి చూసింది. కుదురుకున్న భయపు జ్ఞాపకాన్ని ఒకసారి తిరిగి రేపాక, దాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికి కొత్త ప్రొటీన్లు కావాల్సి వచ్చాయి. మందుతో వాటిని అడ్డుకుంటే ఆ భయం తగ్గిపోయింది.

గుర్తు తెచ్చుకోవడమే జ్ఞాపకాన్ని మార్చగలిగితే, అదే దాన్ని గట్టిపరచనూ గలదు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఈ సంగతి తేటగా చూపించారు. ఒక భాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివాక పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవాళ్లదే పైచేయి. పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసిన పిల్లకి "అంతా వచ్చు" అనిపించేది ఆ అయిదు నిమిషాల బలం వల్లే. కళ్లకి పేజీ పరిచయమైతే చేతికి జవాబు వచ్చేసినట్టు అనిపిస్తుంది. రంగు పెన్నుతో పుస్తకం నిండా గీతలు గీసుకున్న పిల్లలని చూస్తే నాకు నిజంగా బెంగ. అంత కష్టం పడుతున్నారు, ఆ కష్టం వాళ్లకి చేరట్లేదు.

అందుకే నా క్లాసు చివర పుస్తకాలు మూయిస్తాను. తెల్ల కాగితం మీద ఆ రోజు విన్నది గుర్తున్నంత రాయాలి. మార్కులు ఉండవు. రాసేటప్పుడు పెన్ను ఆగిపోతే వెంటనే పుస్తకం తెరవనివ్వను. దానికి ముందు ఏం చెప్పుకున్నాం, ఏ బొమ్మ వేశాను, ఎవరు ప్రశ్న అడిగారు, అలా చుట్టుపక్కల వెతకమంటాను. చాలాసార్లు అక్కడే ఎక్కడో అందుతుంది. అందనిది మాత్రమే పుస్తకంలో చూసుకోవాలి. ఈ మధ్య ఆ కాగితంలో రెండు పాత పాఠాల ప్రశ్నలు కూడా కలుపుతున్నాను, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. అంత వెనక్కి అడిగితే ఎలా మేడమ్ అని పిల్లలు సణుగుతున్నారు. అడుగుతూనే ఉంటానని చెప్పాను.