తప్పిపోయిన గొర్రె కథ హిందీలో

అందరికీ వందనాలు. ఇక్కడ రాసి చాలా రోజులైంది, ఏప్రిల్ ఆఖర్లో మా సంఘం నుంచి తొమ్మిది మందిమి ఆండమాన్ వెళ్తున్నాం, మాయాబందర్ దగ్గర ఒక చిన్న సంఘంలో పది రోజులు పిల్లలకి వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్, సెలవుల్లో పిల్లలకి బైబిల్ కథలు చెప్పే క్లాసులు) జరపడానికి, ఆ పనులతోనే రోజులు గడిచిపోతున్నాయి. ఫ్లైట్ ఖర్చు మా వల్ల కాదు కాబట్టి మన వైజాగ్ పోర్టు నుంచే షిప్‌లో, బంక్ క్లాసులో వెళ్తున్నాం. ఇక్కణ్ణుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) షిప్ నెలకి ఒకటే, అది కూడా డేట్లు మారుతూ ఉంటాయి, సుమారు 56 గంటల ప్రయాణం. వచ్చేటప్పుడు వైజాగ్ షిప్ కుదరట్లేదు, చెన్నై షిప్ ఎక్కి అక్కణ్ణుంచి ట్రైన్‌లో రావాలి. నైరుతి రుతుపవనాలు మే 20 అటూ ఇటూగా ముందు ఆండమాన్‌నే తాకుతాయి కదా, ఆలోపే తిరిగి బయల్దేరిపోవాలని పాస్టర్ గారు గట్టిగా చెప్పారు.

మా నానమ్మకి ఈ సంగతి చెప్పగానే మొదట అడిగిన మాట, "అంత దూరం ఎందుకే తల్లీ, ఇక్కడ పిల్లల్లేరేటి?" నేను ఏదో చెప్పాను గానీ అది సరైన జవాబు కాదని నాకే తెలుసు. అలా అడుగుతూనే తను గుప్పెడు బియ్యం డబ్బాలో రోజూ ఇంకో గుప్పెడు ఎక్కువ వేస్తోంది. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా, మా సంఘంలో ఆడవాళ్ళు వంట చేసే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం పక్కన తీసి ఆదివారం మందిరానికి తెస్తారు, అవి అమ్మి పరిచర్యకి వాడతారు. మా టికెట్లలో సగం ఆ బియ్యం డబ్బులే. క్రేయాన్లు, చార్టులు, కథ బొమ్మలు అంటించే ఫ్లానల్ బోర్డుకి బట్ట అన్నీ పూర్ణా మార్కెట్‌లో బేరమాడి కొన్నాం, ప్రతి రూపాయి ఇచ్చేటప్పుడు ఆ డబ్బాలే గుర్తొచ్చాయి నాకు.

సామాన్ల సంగతి పెద్దగా రాయను. వాంతులకి టాబ్లెట్ షిప్ కదలకముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే అంతగా పనిచేయదు. అక్కడ కూడా మన టైమే గానీ తూర్పున బాగా దూరం కాబట్టి సాయంత్రం ఆరు కాకుండానే చీకటి పడిపోతుంది, అందుకే సాయంత్రం క్లాసులన్నీ మూడింటికే మార్చేశాం.

అసలు కష్టం భాష. అక్కడ తెలుగు వాళ్ళు చాలామందే ఉన్నారు, శ్రీకాకుళం వైపు నుంచి, మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళు. కానీ మాయాబందర్ వైపు 1925 నుంచి బర్మా నుంచి వచ్చిన కరెన్ వాళ్ళున్నారు, 1918 నుంచి అడవి పనులకి రాంచీ వైపు నుంచి తీసుకొచ్చిన కుటుంబాలున్నాయి, బెంగాలీలున్నారు, ఈ పిల్లలందరూ ఒక్కచోట కూర్చుంటే వాళ్ళ మధ్య మాట హిందీయే. నా హిందీ టెన్త్‌తోనే ఆగిపోయింది.

మా కింద పోర్షన్‌లో నేవీ వాళ్ళుంటారు, బీహార్ వాళ్ళు. ఆ ఆంటీ రోజూ రాత్రి అరగంట నాకు హిందీ చెప్తున్నారు. ఆవిడ హిందువు, నేను ఏ కథ నేర్చుకుంటున్నానో, ఎక్కడ చెప్పబోతున్నానో మొదటిరోజే చెప్పేశాను, అది దాచి సాయం తీసుకోవడం నాకు తప్పనిపించింది. కథే కదా రా కూర్చో అన్నారు. బైబిల్లో లూకా 15లో తప్పిపోయిన గొర్రె కథ, వందలో ఒకటి తప్పిపోతే కాపరి మిగతా తొంభై తొమ్మిదింటినీ వదిలి దాన్ని వెతకడానికి వెళ్తాడు. నేను "భీడ్" అంటుంటే ఆపి, భీడ్ అంటే జనం గుంపు, గొర్రె అంటే "భేడ్" అని నాతో పదిసార్లు అనిపించారు.

అప్పుడే నాకు 1805లో మన విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ మిషనరీలు గుర్తొచ్చారు, క్రాన్, డెగ్రాంజెస్. వాళ్ళు కూడా ఇలాగే ఎవరి ముందో కూర్చుని మన అక్షరాలు దిద్దుకునుంటారు కదా. తెలుగు అనువాదంలో ఆనందరాయర్ అనే ఆయన సాయం చేశారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు, వాళ్ళు మొదలుపెట్టిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, అంటే ఇద్దరూ ఆ పుస్తకం చూడలేదు. ఆ లూకాలోనే ఈ గొర్రె కథ ఉంది.

ఇంకోటి కచ్చితంగా రాయాలి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి మాయాబందర్‌కి మేం వెళ్ళే రోడ్డు జరావా అనే ఆదివాసుల రిజర్వ్ అడవి మధ్య నుంచి వెళ్తుంది, బండ్లన్నీ కాన్వాయ్‌గా వెళ్ళాలి, ఎక్కడా ఆపకూడదు, ఫోటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. 2018 నవంబర్‌లో ఒక అమెరికన్ యువకుడు సువార్త కోసమని చట్టానికి విరుద్ధంగా, బయటివాళ్ళని రానివ్వని ఆదివాసులుండే నార్త్ సెంటినెల్ దీవికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు, మా టీమ్‌లో ఒకరిద్దరు అతని గురించి హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడు) అన్నట్టు మాట్లాడారు. అతని ప్రేమని నేను శంకించను కానీ నేను ఒప్పుకోలేదు. మనకి రెండు రోజుల్లో తగ్గే జబ్బు ఆ ఆదివాసుల్ని తుడిచిపెట్టేయగలదు, 1877లో తట్టు వచ్చి గ్రేట్ ఆండమానీస్ అనే అక్కడి ఆదివాసులు ఎంతమంది పోయారో చదివితే నిద్ర పట్టదు. రావొద్దన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళకపోవడం కూడా ప్రేమే అని ఆ రోజు ప్రార్థన కూడికలో చెప్పాను, పాస్టర్ గారు ఆ రూల్స్ అన్నీ తెలుగులో రాయించి అందరితో సంతకం పెట్టించారు. మన వీబీఎస్‌కి కూడా అంతే, అమ్మానాన్నలు సరే అన్న పిల్లలే వస్తారు, నడిపేది అక్కడి సంఘం, మేం వాళ్ళ చేతికింద పనివాళ్ళం.

నిన్న రాత్రి మొదటిసారి కథ మొత్తం ఆగకుండా చెప్పాను. ఆంటీ అంతా విని, "మిగతా తొంభై తొమ్మిదింటినీ ఎవరి దగ్గర వదిలాడు?" అని అడిగారు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు, నా దగ్గర జవాబు లేదు, అడవిలో అని మాత్రమే ఉంది. పైకొచ్చి నానమ్మకి చెప్పాను. చిన్నప్పుడు మేకలు కాసిన మనిషి కదా, బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తకుండా "అంత మందని ఒక్కడే కాత్తాడేటి, తోటి కాపర్లుంటారు, ఒకడు ఎతకడానికెళ్తే మిగతావోళ్ళు సూత్తారు" అంది.

తోటి కాపర్లని హిందీలో ఏమంటారో ఈ రాత్రి ఆంటీని అడగాలి.