ర్యామ్ పంపు: మూడు గంటలకోసారి ఆగడానికి కారణం దొరికింది

దొరికింది! లీటరు నీళ్ల బాటిల్ బోర్లించి పట్టిన 180 మిల్లీలీటర్ల గాలి. ఇన్ని వారాలుగా నా ర్యామ్ పంపు గొంతు నొక్కింది ఇదే. పంపు పూర్తిగా దారికి రాలేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. మూడు గంటలకోసారి ఆగే జబ్బు మాత్రం వదిలింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. ర్యామ్ పంపు అంటే, పైపులో కిందికి దిగే నీళ్లను వాల్వు టక్కున ఆపినప్పుడు పుట్టే దెబ్బతో, ఆ నీళ్లలో కొన్నిటిని పైకెక్కించేది. భాకరాపేట దగ్గర మా మామ మామిడి తోపు ఉంది. శేషాచలం కొండల వైపు నుంచి దిగే చిన్న వంక తోపు అంచునే పోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడ్డ ఏడాది, సంక్రాంతి దాటాక కూడా సన్నగా పారుతుంది. గుట్ట వాలు మీద నాటిన కొత్త బెంగళూరా మామిడి మొక్కల దాకా కరెంటు లైను లేదు. డీజిల్ ఇంజను పెడితే మొక్క ఖరీదు కన్నా నీళ్ల ఖరీదు ఎక్కువ. అందుకే కరెంటూ నూనే అక్కర్లేని ఈ పిచ్చి మొదలైంది.

కొలతలు ఇవి. వంక పక్కన 200 లీటర్ల నీలం డ్రమ్ము. అందులోంచి ఒకటిన్నర అంగుళం జీఐ (జింకు పూత ఇనుము) డ్రైవ్ పైపు (నీళ్లను పంపుకు దించేది), ఆరేసి మీటర్ల రెండు పొడవులు, మధ్యలో యూనియన్ (రెంటినీ కలిపే జాయింటు). మొదటి పొడవు బండ మీద దాదాపు చదునుగా పోతుంది, రెండోది ఏటవాలుగా దిగుతుంది. మొత్తం పల్లం 2.4 మీటర్లు. పంపు నుంచి గుట్ట మీది సిమెంటు తొట్టికి ఎత్తు 14 మీటర్లు. వేస్ట్ వాల్వు (నీళ్లను బయటికి వదిలి, టక్కున మూసుకుని దెబ్బ పుట్టించేది) కదిలే ఎత్తు 6 మిల్లీమీటర్లు పెడితే నిమిషానికి 62 దెబ్బలు, పారబోత 40 లీటర్లు, పైకెక్కేది 3.1 లీటర్లు. లెక్క కడితే సామర్థ్యం 42 శాతం. ఇంట్లో చేసిన దానికి 60 వస్తే గొప్ప, 50 వస్తే చాలనుకున్నాను. డెలివరీకి, అంటే నీళ్లు పైకెక్కే పైపుకు, 20 ఎంఎం హెచ్‌డీపీఈ వేశాను, ఒక్క చుక్క కారలేదు. ఆ పైపు గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇక జబ్బు. సాయంత్రం స్టార్ట్ చేసి, టక్ టక్ అంటుంటే హాయిగా తిరుపతికి బయలుదేరతాను. ఇల్లు చేరి కాళ్లు కడుక్కునే లోపే మామ ఫోను. "అల్లుడూ, నీ పంపు సద్దు లేదే!" ప్రతిసారీ అంతే. సుమారు మూడు గంటలు, అటూ ఇటూ ఓ పావుగంట. మామ వెళ్లి వేస్ట్ వాల్వు కాడను బొటనవేలితో నాలుగైదు సార్లు నొక్కితే మళ్లీ మొదలయ్యేది, కాసేపటికే చచ్చేది. అదే పైపులో నీళ్లు పూర్తిగా దించేసి మళ్లీ నింపితే ఇంకో మూడు గంటలు నడిచేది. ఈ తేడా దగ్గరే నా బుర్ర చాలా రోజులు తిరిగింది.

ఆగినప్పుడల్లా వేస్ట్ వాల్వు మూసుకునే ఉండేది. ఇది ముఖ్యం. నా వాల్వు సీటు వైశాల్యం దాదాపు 14 చదరపు సెంటీమీటర్లు. 2.4 మీటర్ల నీటి మట్టం దాని మీద 3.3 కిలోల బరువుతో నొక్కుతుంది. వాల్వు బరువు, నట్లతో కలిపి, 310 గ్రాములు. అంటే దాని బరువుతో అది ఎప్పటికీ తెరుచుకోదు. దెబ్బ కొట్టిన నీళ్లు వెనక్కి తన్నినప్పుడు క్షణకాలం పుట్టే ఒత్తిడి లోటులోనే అది కిందికి పడాలి. ఆ వెనకతన్ను బలహీనపడితే వాల్వు అలాగే అతుక్కుపోతుంది. కాబట్టి వెతకాల్సింది ఆ తన్నును ఎవరు తినేస్తున్నారన్నదే.

మొదటి అనుమానం అందరికీ వచ్చేదే, దెబ్బను మెత్తబరిచి నీళ్లను ఎడతెగకుండా పైకి నెట్టే గాలి గది నీళ్లతో నిండిపోయిందేమో అని. నాది నాలుగంగుళాల పీవీసీ, 60 సెంటీమీటర్లు, లోపల దాదాపు 5.1 లీటర్లు. 14 మీటర్ల ఎత్తుకు గేజి చదరపు సెంటీమీటరుకు 1.4 కిలోలు చూపిస్తుంది, అంటే గాలి నొక్కుకుని 2.1 లీటర్లకు చేరాలి, మిగతా 3 లీటర్లు నీళ్లుండాలి. పంపు ఆగిన వెంటనే డెలివరీ కాక్ కట్టేసి, కింద డ్రెయిన్ తీసి బకెట్లో పట్టాను. వచ్చినవి 2.9 లీటర్లు. గాలి గది నిర్దోషి. ఒక్క దెబ్బకు పైకెక్కేది 50 మిల్లీలీటర్లే, దానికి రెండు లీటర్ల గాలి ఎక్కువే తప్ప తక్కువ కాదు.

రెండోది, ఎక్కిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపే డెలివరీ ఎన్‌ఆర్‌వి. విప్పి, తలకిందులు చేసి, పైన నీళ్లు పోసి బండ మీద పెట్టి, టీ తాగి వచ్చాను. కింద బండ పొడిగానే ఉంది. ఇది జోలోటో ఇత్తడి వాల్వు, ఫ్లాపు కూర్చోవడం చూస్తేనే ముచ్చటేస్తుంది. దీనికి ముందు వాడిన పేరూ ఊరూ లేని చవక వాల్వు స్ప్రింగు వారంలో తుప్పుపట్టింది. ఇత్తడి దగ్గర పొదుపు చేయొద్దని నా అభిప్రాయం. పైపు మీద వెయ్యి మిగుల్చుకున్నా ఫర్వాలేదు, వాల్వు మీద వద్దు.

మూడోది స్నిఫ్టర్. ఎన్‌ఆర్‌వి కింద వేసిన ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం, వెనకతన్నులో చిటికెడు గాలి పీల్చుకుని గదికి పంపేది. ర్యామ్ పంపుకు అసలు తండ్రి ఇంగ్లండులో జాన్ వైట్‌హర్స్ట్. 1772లో ఆయన చేసిన దానికి కుళాయిని మనిషి చేత్తో తిప్పుతూ ఉండాలి. తనంతట తాను కొట్టుకునేలా చేసింది 1796లో జోసెఫ్ మాంట్‌గోల్ఫియర్, 1783లో వేడిగాలి బెలూను ఎగరేసిన అన్నదమ్ముల్లో పెద్దవాడు. ఈ స్నిఫ్టర్ రంధ్రం ఆయన కొడుకు పియెర్ ఫ్రాన్స్వా ఆలోచన. గాలితో అంత సావాసం ఉన్న ఇల్లు కదా. నాకు మాత్రం ఆ రంధ్రం మీదే కోపం. అక్కడ పీల్చిన గాలి పొరపాటున డ్రైవ్ పైపులోకి ఎదురెక్కుతోందేమో అని, అగరొత్తి పుల్ల విరిచి బిగించి మూసేశాను. పంపు సరిగ్గా అదే మూడు గంటలకు ఆగింది.

తర్వాత కాగితం మీద చూస్తే తేలింది. ఈ సైజు పైపులో పెద్ద బుడగ నీళ్లలో పైకి పాకే వేగం సెకనుకు 20, 30 సెంటీమీటర్లు. నా పైపులో నీళ్లు కిందికి దిగే సగటు వేగం 50. అంటే పంపు దగ్గరి బుడగ ఆరు మీటర్లు ఎదురీదలేదు. స్నిఫ్టర్ మీద కేసు కొట్టేశాను.

అసలు క్లూ ఇచ్చింది స్టాప్‌వాచ్. ఒక ఆదివారం కదలకుండా పక్కనే కూర్చుని పావుగంటకోసారి దెబ్బలు లెక్కపెట్టాను, తొట్టి దగ్గర మామ మగ్గుతో నీళ్లు కొలిచాడు. మొదట 62 దెబ్బలు, 3.1 లీటర్లు. రెండు గంటలకు 70 దెబ్బలు, 2.4 లీటర్లు. ఆగడానికి కాస్త ముందు 79 దెబ్బలు, 1.9 లీటర్లు. చచ్చే పంపు నీరసించాలి గానీ హడావుడి పడుతోందేమిటి? డ్రైవ్ పైపు పొట్టిదైతే ఇలాగే ఉంటుంది. లోపలి నీళ్ల బరువు తక్కువ కాబట్టి త్వరగా వేగం అందుకుంటాయి, వాల్వు త్వరగా మూసుకుంటుంది, దెబ్బ తేలిక. అంటే నా 12 మీటర్ల పైపు సగానికి తెగినట్టు పనిచేస్తోంది. సగం దగ్గర ఉన్నది యూనియన్.

మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు తెచ్చి పట్టాను. పైపు వేసిన రోజు డ్రమ్ము దగ్గరి పైపు మూతి యూనియన్ కన్నా 4 సెంటీమీటర్లు ఎత్తులో ఉంది, సున్నంతో గీసిన గీత ఇంకా ఉంది. ఇప్పుడు యూనియనే 3.5 సెంటీమీటర్లు ఎత్తు! మధ్యలో పడ్డ వానలకు డ్రమ్ము కింద మట్టి మెత్తబడి డ్రమ్ము కూరుకుపోయింది, యూనియన్ మాత్రం బండ మీద కదలకుండా ఉంది. అంటే పైపు మొత్తంలో ఎత్తైన చోటు అదే, గాలి చేరడానికి తీరైన చోటు.

యూనియన్ పక్కన టీ జాయింటు, బుష్ వేసి అరంగుళం కాక్ బిగించాను. ఆక్వేరియం ట్యూబు తగిలించి, నీళ్ల బకెట్లో బోర్లించిన బాటిల్లోకి దించాను. పంపు ఆగాక కాక్ తిప్పితే బుడబుడమంటూ ట్యూబు నిండా గాలే, కొంతసేపటికి గానీ నీళ్లు రాలేదు. 180 మిల్లీలీటర్లు. ఇంకోసారి గంటకే ఆపి చూస్తే 60. లెక్క కుదిరింది.

180 ఎంత అని నవ్వకండి. పైపులో మొత్తం నీళ్లు 15.8 లీటర్లు, అందులో ఇది ఒక శాతం పైమాట. జీఐ పైపులో ఒత్తిడి అల సెకనుకు దాదాపు 1,300 మీటర్లు పరుగెడుతుంది. నీళ్లలో ఒక శాతం గాలి సన్నగా కలిసిందంటే అదే అల 100, 150 దరికి పడిపోతుంది. నా గాలి ఒకే చోట ముద్దగా ఉంది కాబట్టి ఆ అంకె యథాతథంగా వర్తించదు, అయినా జరిగేది అదే తరహా. దూదిమూట మీద సుత్తి కొట్టినట్టే. పీవీసీ డ్రైవ్ పైపుతో సరిపెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లతో నా గొడవ కూడా ఇదే. అందులో అల వేగం 400 చుట్టుపక్కలే, గోడ సాగి దెబ్బలో కొంత మింగేస్తుంది. జీఐ బరువే, మోయడానికి నడుం విరుగుతుంది, అయినా నా ఓటు దానికే. బి క్లాసు (మధ్యరకం మందం) చాలు, సి క్లాసు (ఎక్కువ మందం) అనవసరం.

గాలి వచ్చేది ఎక్కడినుంచి? డ్రమ్ములోకి వంక నీళ్లు రెండంగుళాల గొట్టంలోంచి అడుగు ఎత్తు నుంచి పడతాయి. పడ్డ చోట జానెడు లోతు దాకా నురగే. డ్రైవ్ పైపు మూతి దానికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉండి ఆ నురగను మింగుతోంది. చదును పైపులో బుడగలు పైగోడకు అంటుకుని, నీళ్లతో జరుగుతూ యూనియన్ దగ్గర చేరుతున్నాయి. అలా పైగోడకు అతుక్కుని ముద్దకట్టిన గాలిని అక్కడినుంచి వాలులోకి తోసేంత బలం నా ప్రవాహానికి లేదు.

చేసింది చెప్పుకోదగ్గ పనేమీ కాదు. డ్రమ్మును పలుగుతో ఎత్తి కింద చదును రాళ్లు పేర్చి మూతిని యూనియన్ కన్నా 6 సెంటీమీటర్లు పైకి తెచ్చాను. వచ్చే గొట్టానికి ఎల్బో వేసి నీళ్ల అడుగుకు దించాను. మధ్యలో ఎరువు సంచి గుడ్డను వెదురు బద్దలకు కట్టి అడ్డుతెర పెట్టాను. కాక్ అలాగే ఉంచాను, ఎప్పుడైనా తిప్పి చూడొచ్చు. ఇప్పుడు తిప్పితే వెంటనే నీళ్లే.

మూడు గంటల పంపు పంతొమ్మిది గంటలు నడిచింది. మామ తొట్టి నిండి పొర్లిందని ఫోను చేశాడు. ఆ తర్వాత మళ్లీ ఆగింది, ఈసారి కూడా వాల్వు మూసుకునే.

కానీ ఈసారి దెబ్బల వేగం పెరగలేదు, కాక్‌లో గాలి లేదు. కాబట్టి ఇది వేరే జబ్బు. నా చూపు వేస్ట్ వాల్వు కాడ మీద ఉంది. నిమిషానికి 62 అంటే రోజుకు 89 వేల పైచిలుకు దెబ్బలు. 8 మిల్లీమీటర్ల బోల్టు తిరిగే గైడు రంధ్రం ఒకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారంలో 9.5 దాకా వచ్చింది. వాల్వు వాలి కూర్చుంటోంది, లారీ ట్యూబు రబ్బరు మీద అచ్చు ఒక పక్కే లోతుగా పడింది. సందులోంచి సన్నగా కారితే దెబ్బ తగ్గుతుంది, దాంతో వెనకతన్నూ తగ్గుతుంది. ఇది ఊహే. కాదనడానికి ఇంకో ఊహ కూడా ఉంది: స్నిఫ్టర్ రంధ్రంలో పాచి. పుల్ల అప్పుడే తీసేశాను; ఇక అందులో రాగితీగ మడిచి వదులుగా పెట్టాలి, ప్రతి దెబ్బకూ అదే కదిలి శుభ్రం చేసుకుంటుంది. ఒకేసారి రెండూ మార్చను, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ముందు గైడు. రేణిగుంట రోడ్డులో లేత్ పనివాడికి గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ చెప్పి వచ్చాను, 8.2 లోపలి వ్యాసం, పొడవు 30. నైలాన్ బుష్ చవక, కానీ నీళ్లలో ఉబ్బి కాడను పట్టేస్తుంది.

వాల్వు ఎత్తు 9 మిల్లీమీటర్లకు పెంచి కూడా చూడాలి. ఒకసారి పెడితే 48 దెబ్బలు, 3.4 లీటర్లు వచ్చాయి, పారబోత 52కు పెరిగింది. వంకలో నీళ్లున్నన్నాళ్లూ అది ఇబ్బంది కాదు. ఫిబ్రవరి వస్తే ప్రతి లీటరూ లెక్కే.

ఇంకో పురుగు కూడా తొలుస్తోంది. డ్రమ్ములో నురగ చూశాక ట్రాంప్ చేయాలనిపిస్తోంది. ఇక్కడ నాకు శత్రువైన ఆ నురగే దానికి ఇంధనం: పడే నీళ్లతో గాలి కలిపి లోతుకు దించి, అక్కడ విడదీస్తే, కదిలే భాగం ఒక్కటీ లేకుండా ఒత్తిడి గాలి వస్తుంది. కెనడాలో చార్లెస్ టేలర్ కట్టిన రాగెడ్ షూట్స్ ప్లాంటు 1910 నుంచి కోబాల్ట్ గనులకు ఇలాగే గాలి పంపింది. ఒత్తిడి అంతా లోతు మీదే ఆధారపడుతుంది, పది మీటర్లకు సుమారు ఒక కిలో. తోపు దిగువన ఎండిన బావి ఉంది, ఎనిమిది మీటర్లు దిగొచ్చు. అంటే 0.8 కిలో, చేపల తొట్టికి గాలి ఊదడానికి బోలెడు. నాలుగంగుళాల పైపు దించడం, పైకి తెచ్చే పైపు, అడుగున గాలి విడిపోయే డ్రమ్ము, అన్నీ బొమ్మ గీసి మామకు చూపించాను. బావిలో నాగుపాము ఉందట. ముందు దాని సంగతి తేల్చుకుని రమ్మన్నాడు, ఈలోగా బుష్ వస్తే బిగించేసి పొమ్మన్నాడు.